మారిన మనిషికి మన వాకిట చోటుందా?



ఈ వేళ మీతో ఒక పాత కథ చెప్పుకోవాలనుకుంటున్నాను. ముందు నా తప్పొకటి ఒప్పుకుంటాను, ఎందుకంటే ఆ తప్పు వల్లనే ఈ కథ నాకు అర్థమైంది.

మా పిన్ని కొడుకు ఒకడున్నాడు, నాకు తమ్ముడి వరస. చిన్నప్పుడు నా వెనకాలే తిరిగిన పిల్లాడు. పెద్దయ్యాక పేకాటలో పడ్డాడు. తల్లి గాజులు అమ్మాడు. చివరికి పనిచేసే చోట డబ్బు వాడుకుని జైలుకు వెళ్ళాడు. తిరిగొచ్చాక రోజూ సాయంత్రం రామాలయంలో భజనకు కూర్చుంటున్నాడనీ, పేక ముట్టడం లేదనీ విన్నాను. విని సంతోషించాను. కానీ ఒకరోజు వాడు మా ఇంటికి వస్తున్నాడని తెలియగానే నేనేం చేశానో తెలుసా? పూజగదిలో వెండి కుందులు తీసి బీరువాలో పెట్టి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. వాడు దేవుడికి దణ్ణం పెట్టుకోవడానికి వెళ్ళి, కుందులుండే చోటు చూసి, నా వంక చూశాడు.

"అక్కా, నీ తప్పేం లేదులే. ఆ తాళం వేయించింది నేనే కదా" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు గుర్తొచ్చింది అంగుళిమాలుడి కథ.

ఈ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. సుమారు 2,500 ఏళ్ళ క్రితం కోసల రాజ్యంలో, శ్రావస్తి నగర ప్రాంతంలో జరిగిందని బౌద్ధులు చెబుతారు. పాళీ భాషలోని మజ్ఝిమ నికాయంలో 86వ సుత్తం ఇతని గురించే. మనుషుల్ని చంపి, వాళ్ళ వేళ్ళు దండగా గుచ్చి మెడలో వేసుకునేవాడు. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. తర్వాతి వ్యాఖ్యానాల్లో ఇతని అసలు పేరు అహింసకుడని ఉంది. తోటి విద్యార్థుల ఈర్ష్య వల్ల గురువు మనసు విరిగి, వెయ్యి వేళ్ళు గురుదక్షిణగా తెమ్మన్నాడట.

అలాంటివాడి దారిలోకి బుద్ధుడు ఒంటరిగా నడిచి వెళ్ళాడు. అతను ఎంత పరుగెత్తినా, మామూలుగా నడుస్తున్న బుద్ధుణ్ణి అందుకోలేకపోయాడు. ఆగమని కేక వేశాడు. తాను హింస మాని ఎప్పుడో ఆగిపోయాననీ, ఆగవలసింది నువ్వేననీ బుద్ధుడు జవాబిచ్చాడు. ఆ మాటతో కత్తి పారేసి భిక్షువయ్యాడు.

మనం సాధారణంగా కథ ఇక్కడితో ఆపేస్తాం. పిల్లలకూ ఇంతే చెబుతాం. కానీ అసలు సంగతంతా ఆ తర్వాతే ఉందండీ!

కోసల రాజు ప్రసేనజిత్తు 500 మంది రౌతులతో అతన్ని పట్టుకోవడానికి బయలుదేరి, దారిలో బుద్ధుని దగ్గర ఆగాడు. అతనే భిక్షువుగా కనిపిస్తే ఏం చేస్తావని బుద్ధుడు అడిగితే, నమస్కరిస్తానన్నాడు రాజు. "అడుగో" అని చూపించేసరికి వణికిపోయాడు! అంతటి రాజుకే భయం వేస్తే, బీరువాకు తాళం వేసిన నేనెంత చెప్పండి!

ఇంకో రోజు భిక్షకు వెళ్ళినప్పుడు అంగుళిమాలుడు ప్రసవవేదన పడుతున్న ఒక స్త్రీని చూశాడు. బిడ్డ అడ్డం తిరిగింది. ఎందరినో చంపినవాడి మనసు కరిగిపోయింది. పుట్టినప్పటినుంచి ఏ ప్రాణినీ కావాలని చంపలేదన్న సత్యం మీద ఆమెకు క్షేమం కలగాలని చెప్పమన్నాడు బుద్ధుడు. అది అబద్ధమవుతుంది కదా అన్నాడితను. అలాగైతే ఈ కొత్త జన్మ ఎత్తినప్పటినుంచి అని చెప్పమన్నాడాయన. అలా చెప్పాక తల్లీ బిడ్డా క్షేమమయ్యారట. శ్రీలంక, థాయిలాండ్ దేశాల బౌద్ధులు ఈనాటికీ గర్భిణీ స్త్రీల కోసం అంగుళిమాల పరిత్త పఠిస్తారు. ప్రాణాలు తీసిన మనిషి పేరు పురిటింటి ప్రార్థన అయింది చూశారా!

అంతమాత్రాన లోకం అతన్ని క్షమించిందా? లేదు. ఒకరోజు భిక్షకు వెళితే ఒకరి మట్టిబెడ్డ, ఒకరి కర్ర, ఒకరి పెంకు తగిలి తల పగిలింది. భిక్షాపాత్ర ముక్కలైంది. నెత్తురోడుతూ వస్తే, ఓర్చుకోమన్నాడు బుద్ధుడు. చేసిన కర్మకు ఫలమన్నాడు. రాళ్ళు వేసినవాళ్ళను తిట్టలేదు. వాళ్ళలో కొడుకును పోగొట్టుకున్న తల్లి ఉండవచ్చు కదా!

నాకు తోచింది ఇదీ. భక్తి మనిషికి పాత జీవితాన్ని చెరిపెయ్యదు. దాని బరువు పారిపోకుండా మొయ్యగల శక్తినిస్తుంది. మా తమ్ముడు నా తాళం చూసి కోపగించుకోలేదంటే, భజన వాడిలో పనిచేస్తోందన్నమాటే. గాజులు తిరిగి రాలేదు. నెలనెలా తల్లి చేతిలో కొంత పెడుతున్నాడు.

నమ్మి మొత్తం ఇల్లు అప్పగించమని నేననను. మోసపోయిన ఇల్లాలు జాగ్రత్తపడడం తప్పు కాదు. మారానన్న మాట ఒక్కటే విని పొంగిపోనూ వద్దు. కానీ వాడు నిలబడడానికి అడుగు చోటైనా ఇవ్వాలి కదా! నేను మొదట పది రూపాయలిచ్చి కరివేపాకు, నిమ్మకాయలు తెమ్మన్నాను. తర్వాత నెల సరుకుల చీటీ ఇచ్చాను. చిల్లర పైసలతో సహా లెక్క చెప్పాడు. మొన్న శ్రీరామనవమికి కుందులు బయటికి తీసి, చింతపండుతో తోమిపెట్టమని వాడికే ఇచ్చాను. తలవంచుకుని చాలాసేపు తోమాడు.

మీ ఇళ్ళలోనూ, మీ వీధిలోనూ అలాంటివారు ఒకరుంటారు. వాళ్ళు వాకిట్లోకి వచ్చినప్పుడు మన చేతిలో ఏముందో ఒక్కసారి చూసుకుందాం.

సెలవు.