తెరచాప పడవలో జనరేటరు - కొనే ముందు చోటు చూడాలి

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్లి వచ్చిన ప్రతివారినీ మన కార్యదర్శిగారు పట్టుకుని "నాలుగు మాటలు చెప్పండి" అంటారు. నయాగరా గురించి ఈ వేదిక మీద ఇప్పటికే చాలామంది చెప్పేశారు. అందుచేత నేను జనరేటరు గురించి చెబుతాను. ముప్పై మూడేళ్లు కరెంటు శాఖలో పనిచేసినవాడికి ఎక్కడికి వెళ్లినా కళ్లు అటే పోతాయి, ఏం చేస్తాం.

మా అమ్మాయి, అల్లుడు మేరీలాండ్ రాష్ట్రంలో ఉంటారు. అక్కడ చెసపీక్ బే అని పెద్ద అఖాతం ఉంది. ఉత్తరాన్నుంచి దక్షిణానికి సుమారు 320 కిలోమీటర్ల పొడవు, చాలాచోట్ల లోతు తక్కువ, ఒడ్డు పొడుగునా లెక్కలేనన్ని పాయలు. తెరచాప పడవలవాళ్లకు అది స్వర్గం. మా అల్లుడు ఒక పాత పడవ కొన్నాడు, 36 అడుగులది. లోపల వంటగది, నలుగురు పడుకునే చోటు, చిన్న డీజిల్ ఇంజను ఉన్నాయి. మన విశాఖ అమ్మాయి లెఫ్టినెంట్ కమాండర్ స్వాతి, హైదరాబాదు అమ్మాయి లెఫ్టినెంట్ ఐశ్వర్య మరో నలుగురు మహిళా అధికారులతో కలిసి 2017 సెప్టెంబరులో గోవాలో బయలుదేరి, 2018 మే నెలకు భూగోళం చుట్టి వచ్చిన 'తారిణి' పడవ పొడవు 56 అడుగులు. వారిది నౌకాదళపు సాహసం. మా అల్లుడిది శని, ఆదివారాల సంసారం.

2023 వేసవిలో మేమిద్దరం వెళ్లినప్పుడు మూడు రోజులు పడవలో గడుపుదామన్నారు. అక్కడే చిక్కు వచ్చింది. మా ఆవిడకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంది. రాత్రిపూట సీపాప్ మెషిను పెట్టుకోనిదే పడుకోకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మనలోనూ ఆ మెషిను వాడేవారు ఉన్నారని నాకు తెలుసు. లంగరు వేసిన చోట కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది? "మావయ్యగారూ, 2200 వాట్ల పెట్రోలు జనరేటరు ఒకటి కొనేద్దాం. రాత్రంతా వేసి ఉంచితే అత్తయ్యగారి మెషినూ నడుస్తుంది, చిన్న ఏసీ కూడా నడుస్తుంది" అన్నాడు అల్లుడు. ప్రేమతో అన్న మాటే. దాన్ని కాక్‌పిట్ పక్కనున్న అరలో పెట్టాలని కొలతలు కూడా తీసుకున్నాడు. కాక్‌పిట్ అంటే పడవ వెనుక భాగంలో చుక్కాని పట్టుకుని కూర్చునే గుంట. ఆ అరకు అవతలి పక్కనే మా మనవరాలు పడుకునే మంచం.

"బాబూ, కొనే ముందు ఓ కాగితం, పెన్సిలు తీసుకురండి" అన్నాను.

మన శాఖలో నేర్చుకున్న మొదటి పాఠం లోడు లెక్క. ఆ పడవలో లైట్లు, ఫ్రిజ్, పంపు అన్నీ 12 వోల్టుల బ్యాటరీ మీదే. ఫ్రిజ్ 5 ఆంపియర్లు లాగుతుంది. ఎండాకాలం సగం సేపు నడుస్తుందనుకుంటే రోజుకు 60 ఆంపియర్-అవర్లు. లైట్లు, నీళ్ల పంపు, ఫోన్లు, రాత్రి తెరచాప స్తంభం మీద వెలిగే దీపం అన్నీ కలిపి 15. మా ఆవిడ మెషిను, తేమ కోసం నీళ్లు వేడిచేసే భాగం ఆపేస్తే, 40 వాట్లకు మించదు. 8 గంటలకు 320 వాట్-అవర్లు, అంటే 27 ఆంపియర్-అవర్లు. మొత్తం కలిపితే వంద పైచిలుకు. మన భాషలో చెప్పాలంటే రోజుకు ఒకటింపావు యూనిట్. అంతే! దానికి రాత్రంతా పెట్రోలు ఇంజను తిప్పడం ఎందుకు? పగలు రెండు, మూడు గంటలు తిప్పి బ్యాటరీలు నింపుకుంటే రాత్రి మెషిను చప్పుడు లేకుండా బ్యాటరీ మీద నడుస్తుంది. ఏసీ మాట అందరం మానుకున్నాం. తలుపులు తీస్తే నీటిమీద గాలి రానే వస్తుంది.

ఈ లెక్క తేలాక ఎంత మెషిను కావాలో దానంతట అదే తేలింది. పడవలో ఉన్న ఛార్జరు 40 ఆంపియర్లది. 14.4 వోల్టుల దగ్గర 576 వాట్లు ఇస్తుంది. నష్టాలు కలిపితే 700 వాట్ల దాకా లాగుతుంది. జనరేటరు మీద పెద్ద అక్షరాలతో రాసే అంకెను నమ్మకూడదు. అది కాసేపు మాత్రం ఇవ్వగలిగిన గరిష్ఠం. ఉదాహరణకు 2018లో వచ్చిన హోండా ఈయూ2200ఐ గరిష్ఠం 2200 వాట్లు, నిలకడగా ఇచ్చేది 1800. దాని తమ్ముడు ఈయూ1000ఐ గరిష్ఠం 1000, నిలకడగా 900. మా ఛార్జరుకు చిన్నదే చాలు. బరువులో కూడా తేడా ఉంది. పెద్దది 21 కిలోలు, చిన్నది 13. నేల మీద ఎనిమిది కిలోల తేడా పెద్ద లెక్క కాదు. కాని ఊగుతున్న చిన్న డింగీలోంచి డెక్కు మీదికి ఎత్తేటప్పుడు తెలుస్తుంది. డింగీ అంటే ఒడ్డుకు వెళ్లి రావడానికి వాడే చిన్న పడవ. ఇవి రెండూ ఇన్వర్టరు రకం. లోడు తక్కువైతే ఇంజను వేగం తగ్గించుకుంటాయి కనుక చప్పుడు, పెట్రోలు రెండూ తగ్గుతాయి. ఒక మిత్రుడు "నాకూ ఒకటి పట్రాకూడదూ" అన్నారు. అక్కడివి 120 వోల్టులు, 60 సైకిళ్లు. మన ఫ్యానుకు పనికిరావు.

ఇక అసలు విషయం, చోటు. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు, నాలుగు రెట్లు బరువు. ఇంట్లో అయితే గుమ్మం కింద నుంచి బయటికి పోతుంది. పడవ అడుగు గిన్నెలాంటిది. అందులోకి దిగిన ఆవిరికి బయటికి దారి లేదు, అట్టడుగున నిలిచిపోతుంది. గాలిలో ఒకటిన్నర శాతం కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఆ అడుగునే నీళ్లు తోడే పంపు, దాని స్విచ్చు, ఫ్రిజ్ కంప్రెసరు ఉంటాయి. నిప్పురవ్వకు కొదవేముంది? డీజిల్‌కు మామూలు ఎండలో ఈ గుణం లేదు. చాలా తెరచాప పడవల్లో డీజిల్ ఇంజను పెట్టడానికి అదొక ముఖ్య కారణం. డీజిల్ పడవలోకి పెట్రోలు జనరేటరును తెచ్చి లోపల దాస్తే ఆ జాగ్రత్తంతా పోయినట్టే. కాక్‌పిట్ పక్క అర బయట ఉన్నట్టే కనిపిస్తుంది గాని, మా అల్లుడి పడవలో దాని అడుగు సరాసరి పడవ పొట్టలోకే తెరుచుకుని ఉంది. టార్చి వేసి చూపించాను. మాట్లాడకుండా కొలతల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అక్కడి పడవల్లో వంటగ్యాసు సిలిండరుకు వేరే అర ఉంటుంది. అది లోపలికి తెరుచుకోదు. అడుగున ఒక గొట్టం ఉండి, కారిన గ్యాసు సముద్రం మీదికి పోతుంది. అలాంటి అర పెద్దది ఉంటే జనరేటరూ, పెట్రోలు డబ్బా అందులో పెట్టవచ్చు. మా పడవలో అంత పెద్దది లేదు. చివరికి వెనుక డెక్కు మీద, రబ్బరు చాప పరిచి, నాలుగు మూలలా పట్టీలతో బిగించి, పైన కాన్వాసు తొడుగు వేశాం. గాలి ఆడని ప్లాస్టిక్ పెట్టెలో మూయవద్దన్నాను. ఆవిరి ఆ పెట్టెలోనే నిలుస్తుంది. ఉప్పుగాలికి తుప్పు తప్పదు. వారానికోసారి మంచినీళ్ల గుడ్డతో తుడవడమే మందు. ట్యాంకు మూత మీద గాలి పోవడానికి చిన్న మీట ఉంటుంది. నడిపేటప్పుడు తెరవాలి, మోసేటప్పుడు మూయాలి.

రెండో ప్రమాదం ఇంకా మోసకారి. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తిప్పడం, వాంతి. పడవలో ఉన్నవాళ్లు అది కడుపులో తిప్పే సముద్రపు జబ్బే అనుకుని లోపలికి వెళ్లి పడుకుంటారు. అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. నిద్రలో ఉన్నవాడు లేవడు. కోవిడ్ రోజుల్లో మనమంతా కొన్న వేలి ఆక్సీమీటరు ఇక్కడ పనికిరాదు. మోనాక్సైడు పట్టుకున్న హీమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కగట్టి 98 అని చూపించవచ్చు. అది చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. మనిషిని గాలిలోకి తీసుకురావాలి, వెంటనే ఆసుపత్రికి పంపాలి.

లంగరు వేసిన పడవ సాధారణంగా గాలికి ఎదురుగా ముక్కు తిప్పి నిలుస్తుంది. కనుక వెనుక పెట్టిన జనరేటరు పొగ వెనక్కే పోతుంది. కాని ఆటుపోట్ల ప్రవాహం బలంగా ఉంటే పడవ అడ్డం తిరుగుతుంది. గాలి లేని రోజు పొగ అక్కడే ఉంటుంది. కాక్‌పిట్ ముందున్న కాన్వాసు పందిరి వెనుక గాలి సుడి తిరిగి పొగను లోపలికి లాగుతుంది. అందుకే మేం పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే: అందరూ మేలుకుని ఉన్నప్పుడే జనరేటరు నడవాలి, నడుస్తున్నంతసేపు కాబిన్ తలుపు మూసి ఉండాలి. కాబిన్‌లో మోనాక్సైడు అలారం రెండు చోట్ల బిగించాం. ఈ మధ్య అక్కడ అమ్మే జనరేటర్లలో చాలావాటికి ఆ గ్యాసు పసిగట్టి ఆగిపోయే ఏర్పాటు ఉంటోంది. మంచిదే. కాని అది తన చుట్టూ ఉన్న గాలినే చూస్తుంది, మీ పడకగదిలోకి ఎంత వెళ్లిందో దానికేం తెలుసు?

రెండో రాత్రి మాకు ఇరవై అడుగుల దూరంలో ఇంకో పడవ వచ్చి లంగరు వేసింది. వాళ్లు జనరేటరు వేసుకుని పడుకున్నారు. ఒంటిగంటకు మా అలారం మోగింది. మా జనరేటరు చల్లగా డెక్కు మీదే ఉంది, వచ్చింది వాళ్ల పొగ. పిల్లను ఎత్తుకుని అందరం ముందు డెక్కు మీదికి వచ్చాం. మా ఆవిడ మెషిను తొడుగు చేత్తో పట్టుకునే వచ్చింది. అల్లుడు హారన్ కొట్టి వాళ్లను లేపాడు. భార్యాభర్తలిద్దరూ తలపట్టుకుని బయటికి వచ్చారు. లంగరు ఎత్తి మేం దూరం జరిగాం. తెల్లారాక ఆయన డింగీలో వచ్చి మా అల్లుడి చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కనెక్షను సంగతి మన లైన్‌మెన్ మిత్రులకు చెప్పనక్కరలేదు. రేవులో ఉన్నప్పుడు ఒడ్డు కరెంటు, లేనప్పుడు జనరేటరు. రెండూ ఒకేసారి కలవకుండా ఛేంజోవర్ ఉండితీరాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిపోయాక విశాఖలో మనం రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. అప్పుడు మా వీధిలో ఒకరు జనరేటరు తీగను ఇంట్లో ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా వెలిగించుకోబోయారు. మెయిన్ ఆపకపోతే ఆ కరెంటు వెనక్కి లైన్లోకి పోతుంది, ట్రాన్స్‌ఫార్మరు దాన్ని వేల వోల్టులు చేస్తుంది, స్తంభం మీదున్న కుర్రాడు పోతాడు. పోయి ఆపించి వచ్చాను. ఇంట్లో జనరేటరు ఉన్నవారు కిటికీలకు కనీసం ఆరు మీటర్ల దూరంలో పెట్టండి. బాల్కనీ బయట కాదు, మెట్ల కింద అసలే కాదు.

పెట్రోలు గురించి ఒక్కమాట చెప్పి ముగిస్తాను. అక్కడ పెట్రోలులో సాధారణంగా 10 శాతం ఇథనాల్, ఇప్పుడు మన దగ్గర 20. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి కదపకపోతే నీరు విడిపోయి అడుగుకు చేరుతుంది, కార్బ్యురేటరులో జిగురు కడుతుంది. అందుచేత పడవ దిగే రోజున పెట్రోలు కుళాయి కట్టేసి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడపమన్నాను. చలికాలం రాగానే ట్యాంకు ఖాళీచేసి ఇంటి వెనుక షెడ్డులో పెట్టేస్తారు. ఖాళీ ట్యాంకులోనూ ఆవిరి ఉంటుంది కనుక ఇంట్లోకి మాత్రం రానివ్వరు. డబ్బాలో పెట్రోలు పోయించుకునేటప్పుడు డబ్బా కారులో గాని పడవలో గాని కాదు, నేల మీద ఉండాలి. వేడి ఇంజనులో పోయకూడదు, పావుగంట ఆగాలి.

నిరుడు పడవ మీద 200 వాట్ల సోలారు పలక బిగించారట. జనరేటరు తీసే అవసరం బాగా తగ్గిందని అల్లుడు ఫోనులో చెప్పాడు. సీపాప్‌ను నేరుగా 12 వోల్టుల మీద నడిపే తీగ ఏ మోడలుకు ఏది కావాలో నా దగ్గర రాసి ఉంది. కావలసినవారు భోజనాల దగ్గర అడగండి.