మన భాండారము మన చేతనే
(కోడుమూరు గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయోద్యమమునకు పాటుపడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు మన కర్నూలున జన్మించినవారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. ఏ ఊరి బీరువా తాళము ఆ ఊరిదే. ఉద్యమము మాత్రము అందరిది.

నేటి అంతర్జాలమునకును ఈ పద్ధతియే మేలు. ఒక్క కంపెనీ నీడన లక్షలమంది చేరిన ఆర్కుట్ 2014లో మూతపడినది. అందలి స్నేహబృందములు చెదరిపోయినవి.

2016లో వెలువడిన మాస్టొడాన్ అట్టిది కాదు. అందు ఎవరి సర్వరు వారిది, నియమములు వారివి. అయినను ఊరి నుండి ఊరికి ఉత్తరము నడచినట్లు, ఒక సర్వరువారు మరియొక సర్వరువారితో మాటలాడవచ్చును. వాని ఉమ్మడి భాష యాక్టివిటీపబ్; 2018లో అది ప్రమాణముగా అంగీకరింపబడినది. 2016లోనే వచ్చిన నెక్స్ట్‌క్లౌడ్ మన పత్రములను మన యంత్రముననే భద్రపరచును. వీని ప్రోగ్రాముల వ్రాత దాచినది కాదు. తెలిసినవారెవరైనను చదివి సవరింపవచ్చును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ ఇట్టి సాఫ్టువేరునకై పాటుపడుచున్నది.

తాళము మనదైనప్పుడు కాపలాయు మనదే. కరెంటు, మరమ్మతు చూచుకొనవలెను. ప్రతిదానికి నకలు వేరొకచోట నుంచవలెను. ఈ ఇరువదియైదేండ్ల మన రిజిస్టర్లను, ఛాయాచిత్రములను ఇట్లు కాపాడుటకు యువకులు ఇద్దరు ముగ్గురైనను ముందుకు రావలెనని కోరుచు సెలవు గైకొనుచున్నాను.