రానివారి లెక్క
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను లెక్కలు వ్రాసి బ్రదుకువాడను, వైద్యము నెరుగను. అయినను మధుమేహమును గూర్చి మాటాడుటకు కారణము కలదు. మా అన్నగారు ఒక ఆసుపత్రిలో మందులు తీసికొనుచుండి, ఒక యేడు పొలము పనులలో పడి పోవుట మానిరి. ఏల రాలేదని అడిగినవారు లేరు. పాదమున పుండు ముదిరి, తుదకు కాలు తీసివేయవలసి వచ్చినది. ఆయన వచ్చిన దినములన్నియు అక్కడి పుస్తకమున కలవు; రాని దినములు మాత్రము ఎచ్చటను లేవు.

అది చిట్టా. ఏనాడు ఎవరు వచ్చిరో చెప్పును. చిట్టాతో వ్యవహారము సాగదు, ఆవర్జా కావలయును. మన గ్రంథాలయమునే చూడుడు: గడువు దాటిన గ్రంథము ఎవరియొద్ద నున్నదో పుస్తకము తెరవగానే తెలియును, వెంటనే కబురు వచ్చును. గ్రంథమునకు గల విచారణ మనుష్యునకు వలదా?

చరక సుశ్రుతులనాటికే తెలిసిన ఈ వ్యాధి, భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రకటించిన అంచనా ప్రకారము, 2021 నాటికి మన దేశమున పది కోట్లమందికి పైగా కలదు. తొలుత నొప్పి యుండదు. కనుకనే రోగి రాక మానును. స్వీడను దేశమువారు 1996లోనే జాతీయ మధుమేహ పట్టికను ఆరంభించిరి. మన ప్రభుత్వమువారికిని కంప్యూటరు పట్టిక కలదు. కాని వ్రాయుటయే పనియై, తిరిగి చదువువారు లేకున్న ఏ పట్టికయు ఫలింపదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున రోగికొక పుట యుండవలయును. అందు రెండు మూడు నెలల చక్కెర సగటు తెలుపు హెచ్‌బిఏ1సి, రక్తపోటు, ఏటేట చేయవలసిన కన్ను, పాదము, మూత్రపిండముల పరీక్షలు, అన్నిటికంటె ముఖ్యముగా మరల రావలసిన తేది వ్రాయవలయును. వారమున కొకనాడు గడువు దాటినవారి పేర్లు తీసి ఆశా కార్యకర్తకు ఈయవలయును. మొదట ఒక్క ఉపకేంద్రముతో ఆరంభించిన చాలును. ఒకే సంగతిని రెండు పుస్తకములలో వ్రాయించి సిబ్బందిని విసిగింపరాదు. ఆ పేర్లు రచ్చబండపై చదువరాదు. రోగము రోగి సొంత విషయము.

మన వంతును కలదు. ఫోను నంబరు మారిన తెలుపుదము. పిలుపు వచ్చిన కోపింపక పోదము.

చిత్రగుప్తుని లెక్క పోయినవారి కొరకు. ఈ లెక్క ఉన్నవారి కొరకు. మా అన్నగారి పేరు అట్టి లెక్కలో ఉండియుండిన, నేడు ఈ సభకు నడచి వచ్చెడివారు.