మీరు ఏ పని చేసేవారు?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982 నాటి నకారా కేసు తీర్పు గుర్తుకు వస్తుంది. పెన్షను అనేది యజమాని దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని సుప్రీంకోర్టు ఆ రోజున తేల్చి చెప్పింది. ఏటా ఈ సభలో డి.ఎ. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే. కార్యదర్శిగారు నన్ను మాత్రం "ఆరోగ్యం మీద నాలుగు ముక్కలు చెప్పండి" అన్నారు. నేను డాక్టరును కాను. ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. కనుక ఉప్పు తగ్గించండి, పొద్దున్నే నడవండి అని చెప్పబోను. అది ఇంట్లో మీకు రోజూ చెబుతూనే ఉన్నారు. మనం చేసిన ఉద్యోగం మన ఒంటిని ఏం చేసింది, ఆ సంగతిని విశ్వవిద్యాలయాల పండితులు ఎలా కనిపెట్టారు అన్నది చెబుతాను. మా మనవరాలు ప్రజారోగ్యం చదువుతోంది. దాని పుస్తకాలు తిరగేసి నేర్చుకున్న చదువిది.

ఇటలీలో బెర్నార్డినో రామజ్జీనీ అనే వైద్యుడు ఉండేవాడు. 1633లో పుట్టాడు. మోడెనాలోనూ, తరువాత పాడువా విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యుడిగా పనిచేశాడు. ఒకసారి ఆయన ఇంట్లో మరుగుదొడ్డి గుంట శుభ్రం చేయడానికి ఒక కూలివాడు వచ్చాడట. అతను ఊపిరి తిప్పుకోకుండా పనిచేస్తుంటే "ఎందుకయ్యా అంత తొందర?" అని అడిగాడు. ఆ గుంటలో ఎక్కువసేపు ఉంటే కళ్లు పోతాయి బాబూ అన్నాడు కూలివాడు. ఆ మాట ఆ పండితుణ్ణి కదిలించింది. వర్క్‌షాపులు తిరిగి, ఏ వృత్తివారికి ఏ జబ్బు వస్తుందో 1700 సంవత్సరంలో ఒక గ్రంథం రాశాడు. రోగి మంచం పక్కన కూర్చున్న వైద్యుడు పాతకాలం నుంచి అడుగుతూ వస్తున్న ప్రశ్నలకు తోడు మరొక ప్రశ్న కూడా అడగాలన్నాడు. అదే "మీరు ఏ పని చేస్తారు?" అన్న ప్రశ్న.

అందులో రాగిపని వాళ్ల గురించి రాశాడు. వెనిస్ నగరంలో రాగిపాత్రలు సాగగొట్టేవాళ్లంతా ఒకే పేటలో ఉండేవారు. పొద్దుగూకులూ సుత్తి దెబ్బలే. ఆ చప్పుడుకి వాళ్లకు చెవులు మందగించి, ముసలితనం వచ్చేసరికి పూర్తిగా చెవుడు వస్తుందని రాశాడు. ఇది చదివినప్పుడు నాకు మా పెద్ద బావగారు గుర్తుకు వచ్చారు. ఆయన ఒక వర్క్‌షాపులో రేకులు సాగగొట్టే పని చేశారు. రిటైరయ్యేసరికి పక్కన పిడుగు పడినా వినిపించేది కాదు. పెళ్లిళ్లలో మేమంతా ఆయన్ని చూసి "చెవిటివాడి ముందు శంఖం" అని నవ్వేవాళ్లం. ఆయన కూడా నవ్వేవారు. మనం ఏమన్నామో వినపడక నవ్వేవారని ఇప్పుడు తెలుస్తోంది. 1886లో గ్లాస్గో నగరంలో థామస్ బార్ అనే చెవి వైద్యుడు బాయిలర్లు చేసేవాళ్లను, ఇనుప పోతపని వాళ్లను, పోస్టుమేన్లను వరుసగా కూర్చోబెట్టి, గడియారం టిక్కుటిక్కు ఎంత దూరం నుంచి వినపడుతుందో పరీక్షించాడు. అందరికంటే అధ్వాన్నంగా ఉన్నవి బాయిలర్ల వాళ్ల చెవులు. అంటే అది వాళ్ల అజాగ్రత్తా కాదు, తలరాతా కాదు. వాళ్లు చేసిన పని అటువంటిది.

"మనం సుత్తి పట్టలేదు గదా!" అంటారేమో. రామజ్జీనీ మనల్నీ వదలలేదు. 1713లో పెంచి వేసిన ముద్రణలో రాతగాళ్ల మీద, అంటే సాక్షాత్తూ మనమీదే, ఒక అధ్యాయం రాశాడు. గుమాస్తా జబ్బులకు మూడు కారణాలన్నాడు. ఎప్పుడూ కూర్చునే ఉండడం, చెయ్యి ఒకే తీరున కదుపుతూ ఉండడం, తప్పు దొర్లకూడదని మనసు బిగబట్టుకోవడం. మూడు వందల ఏళ్లు దాటినా ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. ట్రెజరీ నుంచి బిల్లు అబ్జెక్షనుతో తిరిగి వచ్చినప్పటి గుండెదడ మన సభ్యులలో ఎవరికి తెలియదు?

ఆ కూర్చోవడం సంగతి జెర్రీ మోరిస్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు లెక్కలతో తేల్చాడు. లండన్‌లో రెండంతస్తుల బస్సులు నడిచేవి. డ్రైవరు డ్యూటీ అంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం రోజుకి అయిదారు వందల మెట్లు ఎక్కుతాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఊరు. దాదాపు 31,000 మంది ఉద్యోగుల రికార్డులు పరిశీలిస్తే, కండక్టర్లలో గుండెజబ్బు తక్కువని తేలింది. వచ్చినా ఆలస్యంగా, తేలికగా వచ్చింది. వీధులు తిరిగే పోస్టుమేన్లకూ, కుర్చీలో కూర్చునే గుమాస్తాలకూ మధ్య కూడా ఇదే తేడా. ఇది 1953లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. తరువాత ఆయన యూనిఫారాల కొలతలు తెప్పించి చూస్తే, డ్రైవర్ల ప్యాంట్ల నడుము కొలత పెద్దదిగా ఉంది! మోరిస్ తాను చెప్పినది తాను ఆచరించి, 2009లో 99వ ఏట కాలం చేశాడు.

ఇక్కడ నాకొక చిక్కు వచ్చింది. మా ఆఫీసులో ఒక అటెండరు ఉండేవాడు. కింద రికార్డు రూము, పై అంతస్తులో సెక్షన్లు. రోజంతా ఫైళ్ల కట్టలు మోసుకుంటూ మెట్లు ఎక్కి దిగేవాడు. మోరిస్ లెక్క ప్రకారం అతను మా అందరికంటే ఎక్కువకాలం బతకాలి. యాభై నాలుగో ఏట గుండెపోటుతో పోయాడు. ఒక్క మనిషి చావుతో ఏ సిద్ధాంతమూ రుజువు కాదు, కొట్టుడూ పోదు. ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ మనసు ఊరుకోదు గదా!

దీనికి దగ్గరి సమాధానం లండన్ సెక్రటేరియట్ వంటి వైట్‌హాల్‌లో దొరికింది. 1967లో మొదలుపెట్టి, సుమారు 18,000 మంది ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి పరిశీలించారు. అందరివీ ఫ్యాను కింది ఉద్యోగాలే, జీతాలు ఠంచనుగా వస్తాయి, వైద్యం ఉచితం. పెద్ద అధికారులకే టెన్షను, వాళ్లకే గుండెజబ్బు అని లోకం అనుకునేది. లెక్క తిరగబడింది. అందరికంటే కింద ఉన్న జవాన్లూ, తలుపు కాపలావాళ్లూ గుండెజబ్బుతో పోయే రేటు పై అధికారులకు మూడు రెట్లకు పైగా ఉంది. అంతేకాదు, మెట్టుమెట్టుకూ తేడా. పై నుంచి రెండో మెట్టువాడి ఆరోగ్యం మొదటి మెట్టువాడికంటే తక్కువే. సిగరెట్లు, రక్తపోటు అన్నీ లెక్కలోంచి తీసేసినా తేడాలో పెద్ద భాగం అలాగే మిగిలింది. 1985లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో మైకేల్ మార్మట్ రెండోసారి 10,308 మంది స్త్రీ పురుష ఉద్యోగులతో పరిశీలన మొదలుపెట్టాడు. తన పనిలో తన మాట చెల్లనివాడికి గుండెజబ్బు ఎక్కువని, పై అధికారి తనను న్యాయంగా చూస్తున్నాడనుకునేవాడికి తక్కువని ఆ పరిశీలనలో వెల్లడయింది.

ఇప్పుడు నేను చెప్పుకోవలసిన మాట ఒకటుంది. ఆ అటెండరు పోవడానికి నాలుగు నెలల ముందు, గుండెలో బరువుగా ఉందని సెలవు చీటీ ఇచ్చాడు. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను నాది. ఇన్‌స్పెక్షను ముందుంది. ఆ చీటీని పేపర్‌వెయిటు కింద పెట్టాను. పదకొండు రోజులు అది అక్కడే ఉంది. రోజూ వచ్చి బల్ల పక్కన నిలబడేవాడు. "చూద్దాంలే" అనేవాణ్ణి. సెలవు ఇచ్చి ఉంటే బతికేవాడని అనను. పై అధికారి నన్ను నిలబెడితే నాకు ఎంత కష్టంగా ఉండేదో నాకు తెలుసు. అయినా అతన్ని నేనూ అలాగే నిలబెట్టాను. వైట్‌హాల్ లెక్కల్లో నాకు కనిపించింది నా బల్లే.

కనుక మూడు విన్నపాలు. ఒకటి, డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు ఆయన అడగకపోయినా మీరు చేసిన ఉద్యోగం చెప్పండి. టైపు కొట్టానండీ, రికార్డు రూము దుమ్ములో ఉన్నానండీ, మిషన్ల చప్పుడులో ఉన్నానండీ అని చెప్పండి. చెవులు పరీక్ష చేయించుకోండి. ఇంట్లో వినపడనివాళ్లను చూసి నవ్వకండి. రెండు, కొడుకో కోడలో ఆఫీసు నుంచి వచ్చి "నా మాట ఎవరూ వినడంలేదు" అంటే, వెంటనే "మా కాలంలో..." అని మొదలుపెట్టకండి. ముందు మీరైనా వినండి.

మూడోది మన సంఘానికి. ఈ హాలులో వెనక్కి తిరిగి చూడండి. నాలుగో తరగతి ఉద్యోగం చేసి రిటైరయిన మన సోదరులు, వాళ్ల కుటుంబ పెన్షను తీసుకునే అక్కచెల్లెళ్లు, ఖాళీ కుర్చీలున్నా గోడకు ఆనుకుని నిలబడే ఉన్నారు. ఇది వైట్‌హాల్ కాదు, రిటైరయిన తరువాత మన మధ్య గ్రేడు లేదు. వచ్చే ఏడాది కార్యవర్గంలో వాళ్లకు చోటు ఇవ్వవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను. అది వచ్చే ఏడాది మాట. ఇప్పుడు మాత్రం, అమ్మా, అయ్యా, దయచేసి ముందుకు వచ్చి కూర్చోండి. మీరు కూర్చున్న తరువాతే నేను కూర్చుంటాను.