మందు కొట్టే రైతుకు రక్తపరీక్ష హక్కు కావాలి
(రైతు సంఘం శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పత్తి చేలో మందు కొడుతున్న మనిషి కళ్లు తిరిగి పడిపోతే మనం ముందు అనే మాట 'ఎండదెబ్బ'. నీడకు చేర్చి మజ్జిగ తాగిస్తాం, ఊళ్లోనే సెలైన్ ఎక్కిస్తాం. అది ఎండదెబ్బా, పురుగుమందు విషమా అని తేల్చడానికి ఒక రక్తపరీక్ష ఉంది. దాని పేరు కోలినెస్టరేజ్ పరీక్ష. ఆ పేరు మనలో ఎందరం విన్నాం?

మన నరాలు కండరాలకు కబురు పంపడానికి ఒక రసాయనం ఉంటుంది. కబురు అందాక దాన్ని తుడిచేసే ఎంజైమే కోలినెస్టరేజ్. ప్రొఫెనోఫాస్, క్లోరిపైరిఫాస్, ఎసిఫేట్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఆ ఎంజైమును పనిచేయకుండా కట్టేస్తాయి. అప్పుడు చెమటలు, చొంగ, వాంతులు వస్తాయి. కంటిపాప చిన్నదవుతుంది, కండరాలు అదురుతాయి, చివరికి ఊపిరి అందదు. రక్తంలో ఈ ఎంజైమ్ ఎంత పడిపోయిందో పరీక్ష చెబుతుంది.

అయితే రిపోర్టు వచ్చేదాకా వైద్యం ఆగకూడదు. లక్షణాలు చూసి డాక్టరు వెంటనే అట్రోపిన్ మొదలుపెట్టాలి. రక్తం మాత్రం చేరిన వెంటనే తీయించాలి. కార్బమేట్ మందులైతే ఎంజైమ్ త్వరగానే కోలుకుంటుంది, ఆలస్యంగా తీస్తే రిపోర్టు మామూలుగా రావచ్చు.

ఈ పరీక్ష అన్ని విషాలనూ పట్టుకోదు. ఇమిడాక్లోప్రిడ్, సైపర్‌మెత్రిన్ దీనికి దొరకవు. గడ్డిమందు పారాక్వాట్‌కు వేరే పరీక్ష ఉంది. మూత్రంలో సోడియం డైథయోనైట్ కలిపితే నీలి రంగు వస్తుంది. ఏ పరీక్ష చేయాలో డాక్టరుకు తెలియాలంటే మందు డబ్బా లేబుల్ కావాలి. కాబట్టి మనిషితోపాటు డబ్బా కూడా ఆసుపత్రికి చేరాలి. తడిసిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బునీళ్లతో కడగాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం ఉచిత ఫోన్ నంబరు 1800 116 117. దాన్ని ప్రతి ఊళ్లో గోడ మీద రాయండి.

2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు, వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. వాళ్లు మందు తాగలేదు, పంటకు కొట్టారు. ఇలాంటి చావుల్లో పరీక్ష కాగితం లేకపోతే 'మందు వల్లే పోయాడని ఆధారం ఏది?' అన్న ప్రశ్నకు కుటుంబం దగ్గర జవాబుండదు. పైగా ఆత్మహత్య అనే మాట అంటగడతారు.

చట్టం ఏమంటోంది? 1971 క్రిమిసంహారక మందుల నియమాల్లో 37వ నియమం ఈ మందులతో పనిచేసేవారికి వైద్య పరీక్షలు జరగాలంటోంది. అందులో కోలినెస్టరేజ్ కూడా ఉంది. 1968 చట్టం 26వ సెక్షన్ ప్రకారం విషప్రమాదాలన్నీ అధికారికి తెలపాలని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించవచ్చు. కాగితం మీద ఉన్నది చేను గట్టు దాకా రాలేదు.

కనుక మనం మూడు డిమాండ్లు పెడుతున్నాం. పత్తి, మిరప పండే ప్రతి మండలానికి అందుబాటులో ఈ పరీక్ష ఉండాలి. సీజన్‌కు ముందే మందు కొట్టే రైతులకు, కూలీలకు ఉచితంగా ఒకసారి రక్తం పరీక్షించాలి. ఎందుకంటే ఎంజైమ్ మామూలు స్థాయి మనిషి మనిషికీ మారుతుంది, ఎవరి పాత లెక్కతో వాళ్ల కొత్త లెక్క పోల్చితేనే నిజం తేలుతుంది. మూడోది, ప్రతి విషప్రమాదం రికార్డుకెక్కాలి, రిపోర్టు నకలు కుటుంబం చేతికి ఇవ్వాలి.

భూమికి మట్టి పరీక్ష చేయిస్తున్నాం. దాన్ని దున్నే మనిషి రక్తానికీ పరీక్ష అడుగుదాం. వచ్చే గ్రామసభలో మొదటి తీర్మానం ఇదే కావాలి.