సైనిక న్యాయస్థానములు



మన పల్లెలనుండి సైన్యమున చేరిన యువకులు పలువురు కలరు. వారి జీతము, సెలవు, పింఛను గూర్చి తల్లిదండ్రులెరుగుదురు. కాని కుమారునిపై నేరారోపణ వచ్చినచో వానిని ఎవరు, ఏ విధమున విచారింతురో ఎరిగినవారు అరుదు.

సైన్యమునకు క్రమశిక్షణయే ప్రాణము. పొలముకావలివాడు నిద్రించిన పంటకు నష్టము. సరిహద్దుకావలివాడు నిద్రించిన పదిమంది ప్రాణములకు ముప్పు. కావుననే సైనికులకు వేరు శాసనము అవసరమైనది. 1950 నాటి సైనిక చట్టము నాలుగు విధములైన కోర్టు మార్షళ్లను ఏర్పరచినది: జనరల్, డిస్ట్రిక్ట్, సమ్మరీ జనరల్, సమ్మరీ.

జనరల్ కోర్టు మార్షలునందు కనీసము 5గురు అధికారులు ఆసీనులగుదురు. దీనికి మరణదండన విధించు అధికారమును కలదు. అందుకు మూడింట రెండు వంతుల సభ్యుల సమ్మతి వలయును. నిందితుడు ఏ సభ్యునిపైనైనను అభ్యంతరము తెలుపవచ్చును. నేరనిర్ణయమున ఓట్లు సమానమైనచో తీర్పు నిందితునికే అనుకూలము. అభిప్రాయములు చెప్పునపుడు అందరికంటె చిన్న హోదావాడు ముందు పలుకవలెను. పెద్దవాడు ముందు నోరు విప్పినచో చిన్నవాడు ఎదురాడ జంకును గదా! మన రచ్చబండలందును ఈ నియమముండినచో ఎన్ని తగవులు వేరువిధముగా తేలియుండెడివో! పై అధికారి ధ్రువపరచువరకు ఈ తీర్పు చెల్లదు.

సమ్మరీ కోర్టు మార్షల్ మార్గము వేరు. అందు కమాండింగ్ ఆఫీసరు ఒక్కడే న్యాయాధిపతి. మరి ఇద్దరు కూర్చుందురు గాని వారికి ఓటు లేదు. సామాన్య సైనికుని కొలువునుండి తొలగించుటకును, హోదాను బట్టి ఒక సంవత్సరము వరకు ఖైదు విధించుటకును ఆయనకు అధికారము కలదు. ఆజ్ఞాపించు చేయియే శిక్షించు చేయి యైనచోట జాగరూకత మిక్కిలి అవసరము. తక్షణచర్య తప్పనిసరియైనపుడే ఈ మార్గము త్రొక్కవలెననియు, ఇది సాధారణ పద్ధతి కారాదనియు 2016లో సుప్రీంకోర్టు స్పష్టపరచినది.

ఈ తీర్పులపై చిరకాలము అప్పీలు లేకుండెను. సైనికుడు పై అధికారులకో, ప్రభుత్వమునకో విన్నవించుకొనవలసినదే. లేదా రిట్ పిటిషనుతో హైకోర్టు తలుపు తట్టవలసినదే. ఒక్క అప్పీలైనను లేకపోవుట విచారకరమని 1982లో సుప్రీంకోర్టు పలికినది. పార్లమెంటు 2007లో చట్టము చేయగా, 2009లో సాయుధ దళముల ట్రిబ్యునల్ పని ప్రారంభించినది. అనగా ఆ మాటకును ఈ ద్వారమునకును నడుమ 27 సంవత్సరములు గడచినవి.

దేశమునకై ప్రాణమొడ్డువాడు న్యాయమునకు దూరము కారాదు. క్రమశిక్షణ న్యాయమువలన సడలదు; న్యాయము జరుగునను నమ్మికవలననే దృఢపడును. ద్వారమున్నను, ఉన్నదని తెలియనివానికి అది గోడయే. కావున ఈ గ్రంథాలయపు బీరువాలో పురాణముల సరసన సైనిక చట్టమునకును చోటీయుడని కార్యవర్గమును కోరుచు, సెలవు గైకొనుచున్నాను.