నాటకం కట్టేముందు



కారంచేడు మీద నాటకం ఆడదామంటున్నారు. సంతోషం. డప్పు కాచకముందే కొన్ని తేల్చుకుందాం. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు మాదిగల్ని చంపారు. అంతకుముందు మంచినీళ్ల చెరువు కాడ బిందె ఎత్తి ఎదిరించింది మన ఆడకూతురు. ఆ వేషం ఎవరు కడతారు?

పోయినసారి ఇది అడక్కుండానే పాటలు కట్టేశాం. రిహార్సల్ రాత్రి పదింటికి పెట్టాం. నాట్లేసి నడుం పడిపోయిన పిల్ల ఎట్టా వస్తది? చివరికి మీసాలోడికి చీర కట్టాం. జనం నవ్వారు. చావు చెప్పేకాడ నవ్వు! పంతుల్ని నేనే, తప్పు నాదే.

ఈసారి నాట్లు పడకముందే, పొద్దుగూకేవేళ, మన పేటలోనే నేర్చుకుందాం. అంతకంటే ముందు, ఊరొదిలి చీరాల చేరినోళ్ల నోట విందాం. మైకు సంగతి తర్వాత. బస్సు చార్జీల చందా ఇవాళే రాయండి, మొదట నా పేరు.